మా అత్తగారి ఎత్తు బంగారం

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత తికమక ఉండదు. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి, సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారు. దాన్ని నిలువెత్తు బంగారం అంటారు, ఎత్తంటే ఇక్కడ బరువే. ములుగు అడవుల్లో కోయవాళ్ళు చేసే ఆ జాతర రెండేళ్ళకొకసారి, మాఘమాసంలో వస్తుంది. నేను అక్కడికి వెళ్ళింది చాలా ఏళ్ళ తర్వాత, అదీ ఒక్కసారే. దానితో నా సంబంధం మాత్రం చిక్కడపల్లిలో, మేము కిరాయికి ఉన్న ఇంటి వాకిట్లోనే మొదలైంది.

మాది తెనాలి వైపు. ఐదో తరగతితో నా చదువు ఆగింది కాని లెక్కలు ఆగలేదు. మా అన్నయ్య పక్కన పడేసిన లెక్కల పుస్తకాలు ముందేసుకుని, వంటింటి గోడ మీద బొగ్గుతో చేసుకుంటూ నేర్చుకున్నాను. తప్పు చేస్తే దిద్దేవాళ్ళు లేరు కాబట్టి ప్రతి లెక్కనూ రెండు దారుల్లో చేసేదాన్ని. రెండు జవాబులూ కలిస్తే ఒప్పు, కలవకపోతే మళ్ళీ మొదలు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు కూడా చేత్తో ఒకసారి, కంటితో ఒకసారి కొలుస్తాను.

పెళ్ళయి హైదరాబాదు వచ్చాక ఆ పిచ్చి వీధికి పనికొచ్చింది. అప్పటికి అంగళ్ళలో కిలోలు వచ్చి కొన్నేళ్ళయినా, పెద్దవయసు ఆడవాళ్ళు ఇంకా సేర్లలోనే ఆలోచించేవారు. పండుగ పిండివంటలకు సేర్ల లెక్క చెప్పి కిలోల లెక్క అడిగి పోయేవారు. అందరికంటే ఎక్కువ అడిగింది మా ఇంటి యజమానురాలు. వీధంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ముందు గదులు ఆమెవి, వెనక రెండు గదులు మావి. మధ్యలో వాకిలి, నల్లా, గచ్చు నీళ్ళ హౌజు అందరివీ.

ఈ ప్రాంతపు పండుగలన్నీ నాకు పెద్దమ్మ వల్లే తెలిశాయి. ఆషాఢంలో బోనం కుండకు సున్నపు చారలు, పసుపు బొట్లు ఎలా పెట్టాలో, వేపరెమ్మలు ఎటు తిప్పి కట్టాలో ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాను. మొదటి ఏడాది నేను పేర్చిన బతుకమ్మ సగానికి వచ్చేసరికి ఒక పక్కకు వాలిపోయింది. తంగేడుపూలు చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తుంటే పెద్దమ్మ వచ్చి కూర్చుంది.

“లెక్కలదానివి, నీకు గిది తెలుస్తలేదా? కింద వరసకు ఎంత తగ్గిస్తివో పైన వరసకు గూడ గంతే తగ్గియ్యాలె. ఒకకాడ ఎక్కువ, ఒకకాడ తక్కువ చేస్తే అమ్మ నిలవడతదా?”

ఇంత తేలిగ్గా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. ఆ సాయంత్రం నా బతుకమ్మ నిటారుగానే నీళ్ళలోకి వెళ్ళింది.

ఆ తర్వాతి ఏడాది ఊళ్ళో ప్రత్యేక తెలంగాణ గొడవలు. బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మావారి ఆఫీసు ఒకరోజు తెరిస్తే రెండు రోజులు మూసేవారు. మా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాయి. మేమేం చెయ్యాలో తెలియక గదిలో గుసగుసగా మాట్లాడుకుంటూ ఉంటే, ఒక సాయంత్రం పెద్దమ్మ మా గడప ముందుకొచ్చి నిలబడింది.

“మీరు ఎటూ పోకుండ్రి. పొద్దుగాల నల్లా కాడ బిందెలు వట్టనీకి నాకు మనిషి గావాలె” అంది.

అంతే. ఉండిపోయాం.

పెద్దమ్మకు ఒక్కతే కూతురు. అశోక్ నగర్‌లో ఇచ్చారు. ఇప్పుడు పరీక్షల కోచింగ్ సెంటర్లూ, చాయ్ బండ్లూ కిక్కిరిసిన ఆ వీధుల్లో అప్పుడు జామచెట్లున్న ఇళ్ళుండేవి. కూతురు నాకంటే రెండేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. ఆ పిల్లకు రెండుసార్లు నెలలు నిండకుండానే కడుపు పోయింది. రెండోసారి ఆస్పత్రికి పరీక్షకు వెళ్ళినప్పుడు అందరినీ తూచినట్టే ఆమెనూ తూకం మిషను ఎక్కించారు. ఆ వారంలోనే కడుపు పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది, అల్లుడూ చెప్పాడు. పెద్దమ్మ విన్నది, తలూపింది, నమ్మలేదు. ఇక కడుపుతో ఉండగా తన బిడ్డను ఏ కాటా ఎక్కనివ్వనని ఇంట్లో దేవుడి ముందు ఒట్టు పెట్టుకుంది.

మూడోసారి నెల తప్పిన సంగతి సద్దుల బతుకమ్మ ముందు తెలిసింది. సద్దుల రోజు పెద్దమ్మ పేరుస్తున్న పూలు పక్కన పెట్టి చేతులు జోడించి మొక్కింది. నేను పక్కనే ఉన్నాను.

“సమ్మక్క తల్లీ, ఏడో నెల దాటియ్యి. వచ్చే మాఘంల నా బిడ్డ నిలువెత్తు బంగారం నీ గద్దె కాడికి పంపిస్త.”

పుట్టింది ములుగు వైపే కాబట్టి కష్టం వస్తే ఆమెకు గుర్తొచ్చేది ఆ తల్లే. మొక్కేటప్పుడు మాత్రం పాత ఒట్టు ఆమెకు గుర్తు రాలేదు. కాటా ఎక్కించనన్న ఒట్టు ఒకటి, ఎత్తు బంగారం ఇస్తానన్న మొక్కు ఒకటి. రెండూ ఒకే పిల్ల మీద.

మాఘం వచ్చింది. ఏడో నెల నిలిచింది. కూతుర్ని పుట్టింటికి తెచ్చుకుని, వాకిట్లోకి కూడా చెయ్యి పట్టుకునే నడిపించేది పెద్దమ్మ. ప్రతి జాతరకూ తానే వెళ్ళే మనిషి, ఈసారి పిల్లను వదిలి వెళ్ళలేక, బంగారం తీసుకుపోవడానికి ఊరి నుంచి తమ్ముణ్ణి పిలిపించింది. ఆయన వచ్చిన పూటే వాకిట్లో అక్కాతమ్ముళ్ళ మాటలు మాకు వినిపించాయి.

“అక్కా, జల్ది తూచి సంచులు కట్టు. ఐతారం బస్సుకు పోవాలె నేను.”

“యాడ తూచాలె? పిల్లను కాటా ఎక్కియ్య.”

“మరి ఎత్తు ఎట్ల తెలుస్తది?”

“గదే సమజైతలేదు.”

“కండ్లతోని చూసి అందాజ వెయ్యి. ఆడ గద్దెల కాడ కాటా వెట్టుకోని ఎవ్వలు కూసోరు.”

“తక్కువైతే?”

తమ్ముడు చాయ్ గ్లాసు కింద పెట్టేసి మీసం దువ్వుకున్నాడు. ఈ జాతర దాటితే మళ్ళీ రెండేళ్ళు. బిడ్డ పుట్టేది ఇంకో రెండు నెలల్లో. తీరని మొక్కు నెత్తిన పెట్టుకుని కూతురి కాన్పు దాకా పెద్దమ్మ ఊపిరి తీసుకోగలదని నాకు అనిపించలేదు. ఇచ్చే బంగారం తక్కువైతే అది తీరని మొక్కు కంటే చెడ్డదని ఆమె భయం.

నన్ను పిలిచింది. “బిడ్డా, కాటా ఎక్కకుంట మనిషి ఎత్తు తెలిసే లెక్క ఏమన్న ఉన్నదా?”

ఉంది. హౌజు నిండా నీళ్ళు పోసి మనిషిని మెడదాకా కూర్చోబెడితే పొర్లిన నీళ్ళు కొలవచ్చు. నీళ్ళు ఎన్ని లీటర్లో మనిషి దాదాపు అన్ని కిలోలు. ఉత్సాహంగా చెప్పాను.

పెద్దమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “ఏడు నెలల పిల్లను మాఘంల చల్లనీళ్ళల ముంచుమంటవా? నీకు లెక్కలు నేర్పినోనికి దండం వెట్టాలె.”

నాకు నేనే నేర్చుకున్నానని చెప్పే సందర్భం కాదది.

ఆ రాత్రి అన్నం తింటూ మావారు మెల్లగా అన్నారు. “నీకెందుకు చెప్పు. రేపు ఏదైనా అటూ ఇటూ అయితే బయటివాళ్ళు వేలు పెట్టారంటారు.”

“పెద్దమ్మ అనదు.”

“ఆవిడ అనదు. వీధి అంటుంది.”

ఆయన మాటలో తప్పు లేదు. ఆ ఏడాది అంతా చూసినవాళ్ళం. కాని పిల్ల వాకిట్లో నడుస్తూ గోడ పట్టుకుని ఆగినప్పుడల్లా పెద్దమ్మ మొహంలోకి వచ్చే రంగు నేను రోజూ చూస్తున్నాను.

అప్పుడు మా ఇంట్లో మా అత్తగారు ఉన్నారు. గొడవలు సర్దుకున్నాక కొడుకుని చూడ్డానికి వచ్చారు. మా అత్తగారు భారీ మనిషి. ఈ విషయం ఇంట్లో ఎవరూ పైకి అనకూడదు. ఆవిడ కూర్చునే పీట వేరు, ఆ పీటను ఇంకొకరు వాడకూడదు, అది ఎందుకు వేరో అడగకూడదు. మధ్యాహ్నం పూట ఆవిడా పెద్దమ్మా వాకిట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఒకరి మాటనొకరు వెక్కిరించుకునేవారు. ‘ఏంది’ అని పెద్దమ్మ అంటే ‘ఏవిటి’ అని మా అత్తగారు దిద్దేవారు. “మీ పచ్చడి తిన్నంక నా పేరు నాకు యాదికొస్తలేదక్కా, ఏందో జర చెప్పు” అని పెద్దమ్మ అడిగేది.

బెల్లం మొక్కు సంగతి విన్నప్పుడు మా అత్తగారు పెదవి విరిచారు. “మనిషిని బెల్లంతో తూచడమేవిటే అమ్మాయ్. మన ఇంటా వంటా లేని సంగతి.”

శుక్రవారం పిల్లకు గాజులు తొడిగించాలని నారాయణగూడ బయల్దేరాం. నలుగురు ఆడవాళ్ళం, రెండు రిక్షాలు. ముందు రిక్షాలో మా అత్తగారూ పిల్లా, వెనక రిక్షాలో పెద్దమ్మా నేనూ. వీధి మలుపు తిరగ్గానే ముందు రిక్షావాడు దిగి నిలబడ్డాడు.

“అమ్మా, జర నడుమకు జరుగుండ్రి. బండి ఒక్కదిక్కే గుంజుతున్నది.”

“నేను నడిమినే ఉన్నానయ్యా. నీ బండే వంకర” అన్నారు మా అత్తగారు.

వెనక నుంచి చూస్తే రిక్షా గూడు కుడిపక్కకు వాలి ఉంది. కుడిపక్క మా అత్తగారు. తిరుగు ప్రయాణంలో ఎండ మొహాన పడుతోందని ఆవిడ ఎడమపక్కకు మారారు. గూడు ఎడమకు వాలింది. ఒక లెక్క, రెండు దారులు, ఒకే జవాబు. పక్కకు చూస్తే పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను నవ్వలేదు. అప్పుడే నాకు తట్టింది.

పిల్ల బరువు ఎంతో ఎవరికీ తెలియనక్కర్లేదు. ‘తక్కువైతే?’ అన్న ప్రశ్న ఒక్కటి లేకుండా పోతే చాలు. పిల్ల కంటే కచ్చితంగా ఎక్కువ బరువున్న మనిషిని తూస్తే ఆ బంగారం ఎన్నటికీ తక్కువ కాదు. సరైన జవాబు తప్ప మరొకటి ఒప్పుకోని నాకు, సరైన జవాబు అక్కర్లేని లెక్కలు కూడా ఉంటాయని చిక్కడపల్లి రోడ్డు మీద, రిక్షాలో తెలిసింది.

ఇంటికి రాగానే పెద్దమ్మకూ, ఆమె తమ్ముడికీ చెప్పాను. పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు.

“పరాయి మనిషి ఎత్తుతోని నా బిడ్డ మొక్కు తీరుతదా?”

“ఆవిడ ఎత్తు ఇవ్వడం లేదు పెద్దమ్మా. ఆవిడ తూకం రాయి మాత్రమే. బంగారం మీ బిడ్డది.”

పెద్దమ్మ తమ్ముడు గ్లాసులో అడుగు చాయ్ తాగి మూతి తుడుచుకున్నాడు. “తూకం రాయిని నువ్వు ఏ ఊరిదానివని ఎవలన్న అడిగిండ్రా అక్కా?”

పెద్దమ్మ లేచి, కొంగు సర్దుకుని, తానే మా గది వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. మా అత్తగారు చింతపండులో గింజలు తీస్తున్నారు.

“అక్కా, ఒక మాట అడుగుత. కోపానికి రావొద్దు.”

“మళ్ళీ పచ్చడి కావాలా వదినగారూ?”

“పచ్చడి గాదు. ఈసారి నువ్వే గావాలె.”

చెప్పింది. దాపరికం లేకుండా, రిక్షా సంగతితో సహా మొత్తం చెప్పింది. మా అత్తగారు చింతపండు గిన్నె పక్కకు జరిపి నా వైపు తిరిగారు.

“ఇది నీ బుర్రలో పుట్టిందేనా?”

“అవునండీ.”

“నేనెంత ఉంటానని వేశావు అంచనా?”

“వెయ్యలేదండీ.”

వేశాను. కాని కొన్ని లెక్కలు చేసుకోవడానికే గాని చెప్పడానికి కాదు.

ఆవిడ గుమ్మం వైపు చూశారు. వాకిట్లో పిల్ల కొత్త గాజుల చప్పుడు వినిపిస్తోంది. “మీ ఆయనకు ముందు నాకూ ఇద్దరు పోయారు” అన్నారు నాతో, ఎప్పుడూ చెప్పని మాట. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, “రాయినంటే రాయినే అవుతాను వదినగారూ. కాని షరతులున్నాయి. దుకాణంలో జనం ఉండకూడదు. ఆ అంకె పైకి చదవకూడదు. ఇది ఒక్కతే చూస్తుంది, చూసి మరిచిపోతుంది” అన్నారు.

“మర్చిపోవడం నా వల్ల కాదండీ. చెప్పకుండా ఉంటాను” అన్నాను.

“సరే, అదే.”

మర్నాడు పొద్దున్న మా అత్తగారు కాఫీ తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఆకలి లేదన్నారు. పెద్దమ్మకు ఒక్క క్షణంలో అర్థమైంది. పెసరట్లు పళ్ళెంలో పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

“తిను అక్కా. ఇయ్యాల నువ్వు సన్నగైతే నా కొంప మునుగుతది.”

“ఒక పూట తినకపోతే సన్నబడతానా వదినగారూ?”

“మరి తింటే ఏం పోతది?”

మా అత్తగారు పళ్ళెం దగ్గరికి లాక్కుని తిన్నారు. ఒకరు తగ్గాలని, ఇంకొకరు పెరగాలని చూస్తుంటే మధ్యలో కూర్చున్న నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. గాజులు తీసి పెట్టెలో పెట్టబోతే కూడా పెద్దమ్మ అడ్డం పడింది. “చెప్పులు ఇడువు గాని గాజులు తియ్యకు.”

నల్లకుంటలో టోకున బెల్లం అమ్మే దుకాణం ఒకటుండేది. జాతర రోజుల్లో దాని ముందు బెల్లం దిమ్మలు గుట్టగా పోసేవారు. లోపల దూలానికి ఇనుప కాటా, గొలుసులకు రెండు చెక్క పలకలు. బస్తాలు తూచేది అదే. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెళ్ళాం. పిల్లను ఇంట్లోనే పడుకోబెట్టాం. దుకాణదారు పెద్దమనిషి. సంగతి విని సగం తలుపు వేశాడు.

మా అత్తగారికి బెల్లం కొనడం బాగా తెలుసు. గుట్ట దగ్గరికి వెళ్ళి ఒక దిమ్మ అంచు గోటితో గిల్లి నోటి దాకా తీసుకెళ్ళారు. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

“నోట్ల వెట్టకక్కా. ఎంగిలైతది.”

“రుచి చూడకుండా బెల్లం ఎలా కొంటారండీ?”

“తల్లి కంటె ముంగట మనం తింటమా?”

మా అత్తగారు ఆ ముక్క వైపు ఒకసారి విచారంగా చూసి, పక్కన పెట్టేశారు. గిల్లిన దిమ్మను దుకాణదారు వేరే తీశాడు. “వాసన చూడొచ్చా?” అని అడిగారు. అదీ వద్దంది పెద్దమ్మ. “తట్టి చూస్తే దోషం లేదుగా?” అని, ఇక ఒక్కో దిమ్మనూ వేళ్ళతో తట్టి, చప్పుడు విని, రంగు చూసి, తానే ఏరారు. మెత్తగా పలికినవి వెనక్కి పోయాయి. ఇంటా వంటా లేని సంగతి అన్న మనిషి, చెడ్డ దిమ్మ ఒక్కటి కూడా ఆ తల్లికి పోనివ్వలేదు.

పలక మీద కొత్త రవికగుడ్డ పరిచి మా అత్తగారిని కూర్చోబెట్టాం. రెండు చేతులా గొలుసులు పట్టుకున్నారు. అవతలి పలక మీద పెద్దమ్మ తమ్ముడు దిమ్మలు పెడుతున్నాడు. చాలాసేపు కాటా కదల్లేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. దుకాణదారు గుమ్మం బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఇంకా కొన్ని దిమ్మలు పడ్డాక ఎక్కడో ఇనుము కిర్రుమంది. మా అత్తగారి పాదాలు నేల వదిలాయి.

ఆవిడ కిందికి చూసుకున్నారు. నేల మీద లేనని తెలిసి మొహంలో ఒక చిన్నపిల్ల కనిపించింది. గొలుసు పట్టుకుని కొంచెం ఊగారు కూడా.

“ఊగకక్కా, లెక్క తప్పుతది” అంది పెద్దమ్మ, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

దండె సమంగా నిలిచింది. నేను రెండు వైపుల నుంచీ చూసి సరే అన్నాను. పెద్దమ్మ మాత్రం గుట్టలోంచి చిన్న దిమ్మ ఒకటి తీసి, కళ్ళకద్దుకుని, బెల్లం మీద పెట్టింది. ఆ పలక దిగిపోయింది, మా అత్తగారు ఇంకో జానెడు పైకి లేచారు.

“ఇది లోపలున్నదానికి” అంది.

నా లెక్క ప్రకారం లోపలున్నది ఎప్పుడో కలిసిపోయింది. పైగా బోలెడు మిగిలింది. అయినా ఆ చిన్న దిమ్మ పెట్టాకే ఆమె భుజాలు కిందికి దిగాయి.

తర్వాత ధర కట్టడానికి దుకాణదారు ఆ బెల్లాన్ని రాళ్ళతో విడతలుగా తూచి, మొత్తం మాత్రం నన్నే కలపమన్నాడు. నేను మనసులో కలుపుకున్నాను. మా అత్తగారు నా పెదవులు కదులుతున్నాయేమో అని కళ్ళార్పకుండా చూశారు. కదల్లేదు.

ఇంట్లో బంగారానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పిల్ల వచ్చి కుప్ప మీద చెయ్యి ఉంచింది. “ఇంతున్ననా అక్కా నేను?” అని నా చెవిలో అడిగింది. సంగతి అప్పుడు చెప్పాం. కడుపు పట్టుకుని నవ్వుతుంటే, మెల్లగా నవ్వమని పెద్దమ్మ కసిరింది. ఆదివారం సంచులు బస్సు పైకెక్కాయి.

జాతర జరిగే రోజుల్లో పెద్దమ్మ చిక్కడపల్లిలోనే ఉండి అక్కడి సంగతులు చెప్పేది. ఇయ్యాల కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది, రేపు చిలకలగుట్ట మీదికెల్లి సమ్మక్కను తెస్తరు, కోయ పూజారి తెస్తుంటే తోవల జనం అడ్డంబడి మొక్కుతరు, తుపాకులు పేల్చి స్వాగతం జెప్తరు అని. చిన్నప్పుడు ఎడ్లబండి మీద వెళ్ళి, జంపన్నవాగులో మునిగి, చెట్ల కింద వండుకు తిన్నది ఆమెకు నిన్నటిలా ఉండేది. మా అత్తగారు బియ్యం ఏరడం ఆపి వినేవారు.

“విగ్రహం ఉండదా వదినగారూ?”

“ఉండది. కుంకుమ భరిణె తెస్తరు, వెదురు తెస్తరు. వనంల నుంచి వచ్చుడు, వనంలకు పోవుడు.”

“మరి అక్కడ దండం దేనికి పెడతారు?”

“వచ్చినామెకు వెడ్తరు.”

మా అత్తగారు చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, బాగుందన్నారు. ఏది బాగుందో చెప్పలేదు.

తమ్ముడు తిరిగి వచ్చేటప్పుడు పసుపు, కుంకుమ, గుడ్డలో మూటగట్టిన ప్రసాదం తెచ్చాడు. పెద్దమ్మ మొదటి ముక్క కూతురికి, రెండోది మా అత్తగారికి పెట్టింది. ఇన్నాళ్ళకు ఆవిడకు రుచి చూసే హక్కు వచ్చింది. నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఇది మనది కాదు. కాస్త ఉప్పు తగులుతోంది.”

“ఆడ అంత ఒక్క కుప్పనే అమ్మా” అన్నాడాయన. “ఎవలది ఎవలకు వస్తదో.”

“సరే. మనది తిన్నవాళ్ళు అదృష్టవంతులు” అన్నారు మా అత్తగారు.

ఫాల్గుణంలో ఊరికి వెళ్ళిపోవాల్సిన ఆవిడ వెళ్ళలేదు. పచ్చళ్ళ పని ఉందన్నారు, ఎండలన్నారు. నెలలు నిండి, ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పొద్దెక్కాక మేమూ వెళ్ళాం. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

నర్సు గుడ్డలో చుట్టిన పాపను తెచ్చి చూపించి, గది మూలనున్న చిన్న తూకం తట్ట వైపు నడిచింది. పెద్దమ్మ వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. నర్సు వెనకే వెళ్ళి, తట్ట మీదికి వంగి, పాప మొహం నుంచి చూపు తిప్పకుండా, “ఎంతున్నది బిడ్డా? జర మంచిగ చూసి చెప్పు” అంది నాతో.

చూశాను. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి. చెప్పాను. ఆ వీధిలో పుట్టిన పిల్లల్లో మంచి బరువే అది.

పెద్దమ్మ ఆ అంకెను రెండుసార్లు తనలో తాను అనుకుంది. తర్వాత మా అత్తగారి వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, “అక్కా, నీ ఎత్తుల ఇది ఎన్నో వంతంటవు?” అంది. మా అత్తగారికీ సరదా వేసింది. “చెప్పవే అమ్మాయ్, ఎన్నో వంతు?” అన్నారు.

లెక్క అప్పటికే నా మనసులో అయిపోయింది, ఇంచుమించు శేషం లేకుండా. కాని పాప బరువు అందరూ విన్నారు. నేను వంతు చెబితే, గుణకారం వచ్చినవాళ్ళెవరికైనా మిగతాది తెలిసిపోతుంది. నర్సుకు గుణకారం వచ్చు, ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

“ఇంకా చెయ్యలేదండీ” అన్నాను.

మా అత్తగారు ఒక్క క్షణం నా వైపు చూసి, అర్థమై, నా చేతిని గట్టిగా గిల్లారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పాపకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ భాగహారం జవాబు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.